మాడిపోయిన సాకెట్‌ను ఎలా మార్చాలి? అసలు అది ఎందుకు మాడింది?

ప్రశ్న: మా ఇంట్లో ఒకే బోర్డు మీద రెండు ప్లగ్ పాయింట్లు ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె పెట్టేది నల్లగా మాడిపోయింది. టేబుల్ ఫ్యాను పెట్టేది మాత్రం కొత్తదానిలాగే ఉంది. రెంటికీ వచ్చేది ఒకటే కరెంటు కదా, ఒక్కటే ఎందుకు మాడింది? కొత్త సాకెట్ వేసేటప్పుడు ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఈ ప్రశ్నలో చక్కని పరిశీలన ఉంది. ఒకే బోర్డు మీద రెండు సాకెట్లు. అయినా ఒకటి మాడింది, ఇంకొకటి మాడలేదు. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే, కొత్తదాన్ని ఎలా బిగించాలన్నది సగం తెలిసినట్టే. అందుకని ముందు ‘ఎందుకు’ చూసి, ఆ తర్వాత ‘ఎలా’కు వద్దాం.

రెంటికీ వచ్చేది ఒకటే కరెంటా?

రెంటికీ వచ్చే వోల్టేజీ ఒకటే. మన ఇళ్లలో అది 230 వోల్టులు. వస్తువేదీ పెట్టకపోయినా, స్విచ్ వేసి ఉంటే చాలు, ఆ వోల్టేజీ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు మాత్రం వస్తువు పెట్టాకే పారుతుంది. ఎంత పారుతుందన్నది ఆ వస్తువును బట్టి ఉంటుంది. లెక్క కష్టమేమీ కాదు. వస్తువు మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే సుమారుగా ఎన్ని యాంపియర్లో వస్తుంది. 75 వాట్ల ఫ్యానుకు యాంపియరులో మూడో వంతు చాలు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 4.3 యాంపియర్లు కావాలి. అంటే ఫ్యానుకంటే 13 రెట్లు ఎక్కువ.

కరెంటు పారే దారిలో ఎక్కడైనా ఎంతో కొంత అడ్డు ఉంటుంది. దాన్నే నిరోధం అంటాం, ఎలక్ట్రీషియన్లు రెసిస్టెన్స్ అంటారు. ఆ అడ్డు ఉన్నచోట వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటుతో సమానంగా పెరగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలవుతుంది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జౌల్ 1841లో ప్రచురించిన సూత్రం ఇదే. ఆ లెక్కన 13 రెట్ల కరెంటుకు వేడి దాదాపు 170 రెట్లవుతుంది. రెండు సాకెట్లలోనూ ఒకే రకం లోపం ఉన్నా, ఇస్త్రీ పెట్టె సాకెట్‌కు పడే దెబ్బ ఫ్యాను సాకెట్‌కు పడే దానికంటే అన్ని రెట్లు పెద్దది.

మరి తట్టుకోగలిగిన సాకెట్ ఎందుకు మాడింది?

ఇక్కడ మీకు ఇంకో సందేహం రావాలి. ఇలాంటి చిన్న సాకెట్ మీద 6 యాంపియర్లు అని రాసి ఉంటుంది. పారేది 4.3 యాంపియర్లే. అలాంటప్పుడు మాడాల్సిన పనేముంది? నిజమే. అదే సాకెట్ కొత్తలో అదే ఇస్త్రీ పెట్టెను ఏ ఇబ్బందీ లేకుండా నడిపింది. ఇస్త్రీ పెట్టె మారలేదు, కరెంటూ మారలేదు. మారింది సాకెట్ లోపలి అతుకు.

సాకెట్‌లో కరెంటు రెండు రకాల అతుకులు దాటాలి. ప్లగ్గు పిన్ను వెళ్లి కూర్చునే ఇత్తడి గొట్టం ఒకటి. అది స్ప్రింగులా పిన్నును పట్టుకుని ఉంటుంది. వెనకవైపు గోడలోంచి వచ్చిన రాగి తీగను స్క్రూ కింద బిగించినచోటు రెండోది. ప్లగ్గును రోజూ పెడుతూ తీస్తూ ఉంటే ఇత్తడి పట్టు సడలుతుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే లోహం సాగుతూ కుంచించుకుంటూ స్క్రూ బిగువు తగ్గుతుంది. మొదట్లోనే సరిగ్గా బిగించకపోతే ఇంకా తొందరగా వదులవుతుంది. దీన్నే మనం ‘లూజు కాంటాక్టు’ అంటుంటాం.

లూజైతే నిరోధం ఎందుకు పెరగాలి? తీగ స్క్రూను తాకుతూనే ఉంది కదా? తిరగలి రాళ్లను తలచుకోండి. ఒకదాని మీద ఒకటి పెడితే మొత్తం ఆనుకున్నట్టే కనిపిస్తాయి, కానీ గరుకుగా ఉండే ఆ రాళ్లు నిజంగా తాకేది అక్కడక్కడా ఎత్తుగా ఉన్నచోట మాత్రమే. నున్నగా కనిపించే లోహం కూడా అంతే, సూక్ష్మదర్శిని కింద ఎత్తుపల్లాలుగా ఉంటుంది. గట్టిగా నొక్కి బిగిస్తే ఆ ఎత్తులు కాస్త అణిగి, తాకే చోట్లు పెరుగుతాయి. వదులైతే తగ్గుతాయి. మొత్తం 4.3 యాంపియర్లూ ఆ కొద్ది చోట్లలోంచే దూరి వెళ్లాలి. అందుకే అక్కడ వేడి పుడుతుంది.

ఆ వేడి ఎంతుంటుందో చూద్దాం. లూజైన అతుకు నిరోధం అర ఓం అనుకోండి. ఫ్యాను నడుస్తుంటే అక్కడ పుట్టే వేడి వాటులో ఇరవయ్యో వంతు, చేతికి కూడా తెలియదు. ఇస్త్రీ పెట్టె పెడితే 9 వాట్లు దాటుతుంది. ఒక ఎల్ఈడీ బల్బు తీసుకునేంత శక్తి వేలి గోరంత కూడా లేని ఇత్తడి ముక్కలో, గాలి ఆడని డబ్బాలో, పూర్తిగా వేడిగా మారుతోందన్నమాట. తీగ మీదుండే మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాకా పనికొస్తుంది. అది దాటితే గట్టిపడి, పెళుసై, పగుళ్లిస్తుంది. వేడికి రాగి నల్లబడుతుంది, ఆ నల్లటి పొరలోంచి కరెంటు సరిగ్గా పారదు. ఇత్తడి స్ప్రింగు మరింత సడలుతుంది. దాంతో నిరోధం ఇంకా పెరిగి, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. అందుకే కొద్దిగా మాడిన సాకెట్‌ను తుడిచి వాడుకోవడం కుదరదు, మార్చాల్సిందే.

మరి ఎంసీబీ ఎందుకు పడిపోలేదు?

ఎంసీబీ, అంటే తనంతట తాను పడిపోయే రక్షణ స్విచ్, చూసేది ఒక్కటే, కరెంటు హద్దు దాటిందా అని. ఇస్త్రీ పెట్టె నిరోధం 53 ఓంల వరకు ఉంటుంది. దానికి లూజు కాంటాక్టు అర ఓం చేరితే మొత్తం కరెంటు కొంచెం తగ్గుతుందే కానీ పెరగదు. ఎంసీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇంట్లో ఆర్సీసీబీ అనే మరో రక్షణ స్విచ్ ఉన్నా దానికీ తెలియదు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తేనే అది పడిపోతుంది. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ యాంపియర్ల తేడాకు పడిపోయేలా ఉంటాయి. లూజు కాంటాక్టులో కరెంటు బయటికి ఎటూ పోవడం లేదు కాబట్టి తేడా రాదు. ఈ లోపాన్ని పట్టుకోగలిగేది మనమే. ప్లగ్గు వేడిగా తగలడం, కాలుతున్న ప్లాస్టిక్ వాసన, సాకెట్‌లోంచి చిరచిరమనే శబ్దం, ప్లగ్గు కదిపితే కరెంటు వస్తూ పోతూ ఉండటం, ఇవే దాని గుర్తులు.

ఇక్కడ మనసులో పెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. మాడే రోజు దాకా ఆ ఇస్త్రీ పెట్టె బాగానే పనిచేసింది. ‘పనిచేస్తోంది కదా’ అన్నది సాకెట్ బాగుందనడానికి రుజువు కాదు. స్క్రూ లూజుగా ఉన్నా పనిచేస్తుంది. తీగలు అటూ ఇటూ మారినా పనిచేస్తుంది. ఎర్తు తీగ అసలు లేకపోయినా పనిచేస్తుంది. మొదటి సంగతి చూశాం. మిగిలిన రెండూ తెలియాలంటే మూడు రంధ్రాల గురించి తెలియాలి.

మూడు రంధ్రాలు ఎందుకు?

సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూడండి. పైన పెద్ద రంధ్రం ఎర్తు. కింద మన కుడిచేతి వైపుది ఫేజు, ఎడమచేతి వైపుది న్యూట్రల్. ఐఎస్ 1293 అనే భారతీయ ప్రమాణం ప్రకారం సాకెట్లు తయారయ్యేది ఇలాగే.

కరెంటు ఇస్త్రీ పెట్టెలోకి వెళ్లి రావడానికి ఫేజు, న్యూట్రల్ రెండూ చాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. కాబట్టి దానికీ మనం నిలబడ్డ నేలకూ వోల్టేజీలో పెద్ద తేడా ఉండదు. ఫేజుకు మాత్రం 230 వోల్టుల తేడా ఉంటుంది. షాక్ కొట్టేది అందుకే. మన ఇళ్లకు వచ్చేది సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకునే కరెంటు. అందువల్ల ఈ రెండు తీగలూ తారుమారైనా ఇస్త్రీ పెట్టెకు తేడా తెలియదు, ఎప్పటిలాగే కాలుతుంది.

అలాంటప్పుడు ఏది ఎటు పెడితే ఏం? తేడా స్విచ్ ఆపినప్పుడు వస్తుంది. స్విచ్ ఫేజు దారిలో ఉంటే, ఆపగానే ఇస్త్రీ పెట్టెలోకి వోల్టేజీ రావడమే ఆగిపోతుంది. స్విచ్ న్యూట్రల్ దారిలో పడితే, ఆపినా ఫేజు ఇస్త్రీ పెట్టె లోపలిదాకా వచ్చి నిలబడి ఉంటుంది. పెట్టె చల్లారుతుంది, అందరూ ఆగిపోయిందనే అనుకుంటారు. దాన్ని విప్పినవాళ్లకో, తెగిన వైరును ముట్టుకున్నవాళ్లకో షాక్ కొడుతుంది. అందుకే ఫేజు ముందు స్విచ్‌కు, అక్కడినుంచి సాకెట్ కుడి రంధ్రానికి రావాలి. న్యూట్రల్, ఎర్తు నేరుగా సాకెట్‌కు రావాలి. వాటి దారిలో స్విచ్ ఉండకూడదు.

ఇక ఎర్తు. ఇస్త్రీ పెట్టె ఒళ్లు లోహం. లోపల ఫేజు తీగ తొడుగు చిరిగి ఆ లోహానికి తగిలితే పెట్టె మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. ఎర్తు లేకపోతే ఆ వోల్టేజీ అలాగే ఉండి, ఎవరు తాకితే వారి ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది. ఎర్తు ఉంటే, ఆ లోహం నుంచి తీగ నేరుగా భూమిలోకి దారి ఇస్తుంది. ఆ దారిలో నిరోధం చాలా తక్కువ కాబట్టి ఒక్కసారిగా పెద్ద కరెంటు పారి, ఎంసీబీ పడిపోతుంది. ఆర్సీసీబీ ఉంటే అంతకంటే ముందే పడిపోతుంది. ఎర్తు పిన్ను మిగతా రెంటికంటే పొడుగ్గా ఉండటానికి కారణం కూడా ఇదే. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి. లావుగా ఉండటం వల్ల పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరదు.

కొత్త సాకెట్ ఏది తేవాలి?

మాడినది ఎన్ని యాంపియర్లదో అన్ని యాంపియర్లదే తేవాలి. మన దగ్గర దొరికేవి చిన్నది 6, పెద్దది 16 యాంపియర్లవి. 1934లో బ్రిటన్‌లో వచ్చిన బీఎస్ 546 ప్రమాణంలోని 5, 15 యాంపియర్ల గుండ్రటి పిన్నుల రకమే వీటికి మూలం. అందుకే దుకాణాల్లో ఇప్పటికీ ‘పదిహేను యాంప్స్’ అనే మాట వినిపిస్తుంది.

‘ఎలాగూ మారుస్తున్నాం, పెద్దదే వేసేద్దాం’ అనిపించడం సహజం. కానీ సాకెట్ పెద్దదైతే దానిలో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కూడా పెడతారు. దానికి 8.7 యాంపియర్లు కావాలి. గోడలోని తీగ మాత్రం పాతదే. 6 యాంపియర్ల సాకెట్‌కు సాధారణంగా వేసేది 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఒక్కోచోట అంతకంటే సన్నది కూడా ఉంటుంది. 16 యాంపియర్లకు 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్లు కావాలి. అప్పుడు వేడెక్కేది కంటికి కనిపించే సాకెట్ కాదు, గోడలో దాగిన తీగ. చట్టం గీత గీసింది కూడా ఇక్కడే. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది, ఉన్న ఫిటింగుల సామర్థ్యం, స్వభావం మారకుండా చేసే మార్పిడులను మినహాయించి, మిగతా వైరింగు పనులన్నీ లైసెన్సున్నవారే చేయాలంది. ఆ తర్వాత వచ్చిన నిబంధనలూ ఇదే పద్ధతిని కొనసాగించాయి.

కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు చూడండి. లోపల మూతలు, అంటే షట్టర్లు, ఉన్నది తీసుకోండి. పిల్లలు ఒక్క రంధ్రంలో పుల్లో మేకో దూర్చబోయినా ఆ మూత తెరుచుకోదు.

కరెంటు నిజంగా ఆగిందా?

ఇది పెద్దవాళ్లు మాత్రమే చేయాల్సిన పని. మొదటి మెట్టు టెస్టర్‌ను పరీక్షించడం. టెస్టర్ మొన ఫేజును తాకి, మన వేలు దాని వెనకున్న లోహాన్ని తాకితే, లోపలున్న పెద్ద నిరోధం గుండా, మన ఒంటి గుండా అతి స్వల్పంగా కరెంటు పారి చిన్న నియాన్ దీపం వెలుగుతుంది. టెస్టర్ చెడిపోయి ఉంటే అది ఎక్కడా వెలగదు, అప్పుడు ఫేజు ఉన్నా లేదనుకుంటాం. కాబట్టి కరెంటు ఉందని తెలిసినచోట పెట్టి, వెలుగుతోందని చూసుకోండి. తర్వాత ఆ సాకెట్‌కు సంబంధించిన ఎంసీబీ దించండి. సాకెట్ స్విచ్‌ను మాత్రం వేసే ఉంచి చూడండి. స్విచ్ ఆపేసి చూస్తే, ఎంసీబీ దించకపోయినా వెలగదు, మోసపోతాం. షట్టర్ల వల్ల టెస్టర్ దూరకపోతే ఒక బెడ్‌లైటో ఛార్జరో పెట్టి చూడవచ్చు. కానీ న్యూట్రల్ తెగినా దీపం వెలగదు కాబట్టి, ఆ ఒక్క పరీక్షను నమ్ముకోవద్దు. టెస్టర్‌ను మళ్లీ కరెంటున్న చోట పెట్టి అది ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాత మెయిన్ కూడా దించేయండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. మెయిన్ దించగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుంటుంది, వెంటనే తన బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. హాల్లో, పడకగదుల్లో కొన్ని పాయింట్లు దాని మీదే ఉంటాయి. ఒకే బోర్డులో సగం మెయిన్ మీద, సగం ఇన్వర్టర్ మీద ఉండటమూ మామూలే. కాబట్టి ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి. బోర్డు ప్లేటు విప్పాక, చెయ్యి పెట్టేముందు, లోపలున్న ప్రతి స్క్రూ మీదా టెస్టర్ పెట్టి చూడాలి. ఎక్కడ వెలిగినా ప్లేటు మూసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తీగలు ఎలా మార్చాలి?

విప్పేముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. సాకెట్ వెనక ప్రతి స్క్రూ పక్కనా ఎల్, ఎన్, ఈ అనే ఇంగ్లీషు అక్షరాల గుర్తులుంటాయి. ఎల్ ఫేజు, ఎన్ న్యూట్రల్, ఈ ఎర్తు. ఈ గుర్తులనే చూసుకోండి. ఎందుకంటే వెనకనుంచి చూసేటప్పుడు కుడిఎడమలు మారిపోతాయి. ముందునుంచి కుడివైపున్న ఫేజు వెనకనుంచి ఎడమవైపు కనిపిస్తుంది. చాలా సాకెట్లలో తీగలు తారుమారయ్యేది ఇక్కడే.

రంగులు కూడా దారి చూపిస్తాయి. మన ఇళ్ల వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు వాడతారు. అయితే ఆ రోజు చేతిలో ఏ తీగ ఉంటే అది లాగేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి రంగును గుర్తుగా తీసుకోండి కానీ రుజువుగా తీసుకోవద్దు. స్విచ్ నుంచి వచ్చిన తీగ ఏదో కంటితో చూసి తెలుసుకోండి.

ఒక స్క్రూ కింద రెండు తీగలుంటే, రెండోది పక్క సాకెట్‌కు వెళ్లే లూపు. ఆ రెంటినీ కలిపే కొత్తదానిలో పెట్టాలి. ఎర్తు లూపును వదిలేస్తే పక్క సాకెట్‌కు ఎర్తు పోతుంది, అది మాత్రం మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది.

నల్లబడిన రాగిని మళ్లీ స్క్రూ కింద పెట్టకూడదు. పాత జబ్బును కొత్త సాకెట్‌కు అంటించినట్టే అవుతుంది. కటింగ్ ప్లయర్‌తో అంతవరకు కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వెళ్లండి. తొడుగును స్క్రూ రంధ్రం లోతుకు తగినంత, సుమారు ఒక సెంటీమీటరు, తీయండి. ఎక్కువ తీస్తే రాగి బయటికి కనిపించి పక్క తీగకు తగలవచ్చు. తక్కువ తీస్తే స్క్రూ రాగిని కాకుండా ప్లాస్టిక్‌ను నొక్కుతుంది, బిగిసినట్టే అనిపించి లూజుగా మిగులుతుంది. తీగ పోగులన్నీ కలిపి మెలిపెట్టి, ఒక్కటి కూడా బయట ఉండకుండా దూర్చి, స్క్రూ గట్టిగా బిగించండి. ఆపైన ఒక్కో తీగనూ పట్టుకుని లాగి చూడండి. కదిలితే మళ్లీ బిగించాలి. మనం మొదట చెప్పుకున్న వేడి అంతా పుట్టేది ఈ బిగువు చాలనప్పుడే. కాబట్టి మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. తీగలు నలగకుండా లోపలికి మడిచి, ప్లేటు బిగించండి.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మెయిన్ ఎత్తాక, స్విచ్ వేసి టెస్టర్‌తో చూడండి. కుడి రంధ్రంలో వెలగాలి. ఎడమదానిలో, పైదానిలో వెలగకూడదు. స్విచ్ ఆపితే కుడిదానిలో కూడా ఆరిపోవాలి. ఆపినా వెలుగుతుంటే స్విచ్ తప్పు దారిలో ఉంది. ఎడమవైపు వెలిగితే తీగలు తారుమారయ్యాయి, లేదా న్యూట్రల్ ఎక్కడో తెగింది. పై రంధ్రంలో వెలిగితే వెంటనే మెయిన్ దించేయాలి, ఎర్తుకే కరెంటు వచ్చిందంటే ఇంట్లోని లోహపు వస్తువులన్నీ ప్రమాదంలో ఉన్నట్టు. షట్టర్ల వల్ల టెస్టర్ లోపలికి పోకపోతే బలవంతంగా తెరవద్దు, ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

పై రంధ్రానికి ఆకుపచ్చ తీగ తగిలించినంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఆ తీగ అవతలి కొస నిజంగా ఎర్తు గొయ్యి దాకా వెళ్లాలి, ఆ గొయ్యిలో తేమ ఉండాలి. ఎండిన మట్టికి నిరోధం ఎక్కువ, అందుకే వేసవిలో ఎర్తు గొయ్యిలో నీళ్లు పోస్తారు. ఇది టెస్టర్‌తో తేలే సంగతి కాదు, మీటరు తెచ్చి కొలవాలి.

గోడలోని తీగ లోపలిదాకా మాడిపోయినా, తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నా, గోడ చెమ్మగా ఉన్నా, పాత ఇంట్లో రాగికి బదులు అల్యూమినియం తీగ కనిపించినా, ఎర్తు తీగ అసలే లేకపోయినా, అది సాకెట్ మార్చడంతో తీరే పని కాదు. అల్యూమినియం మెత్తనిది, స్క్రూ ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి మళ్లీ లూజవుతుంది. దాని మీద ఏర్పడే పొరలోంచి కరెంటు పారదు. ఇలాంటివన్నీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి.

అలా పిలిచినప్పుడు కూడా పక్కన నిలబడి మూడు మాటలు అడగండి. ‘తీగలన్నీ లాగి చూశారా? స్విచ్ ఫేజు మీదే ఉందా? ఎర్తు కొలిచారా?’ పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషంగా చేసి చూపిస్తారు. ఈ మూడింటికీ జవాబు వచ్చాకే ఆ సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టండి.